ఆకు పేరు

నా భార్య సాలమ్మను చంపింది నా కోడలు జీవిత. దవాఖానలో డాక్టరు అడిగితే ఆకు పేరు చెప్పింది. మధ్యాహ్నం చెప్పింది, పొద్దుగూకక ముందే సాలమ్మ పోయింది. రెండేళ్లుగా నా ఇంట్లో ఇది తేలిపోయిన సంగతి. నా కొడుకు సైమన్‌కు తెలుసు, ఊరికి తెలుసు, జీవితకూ తెలుసు. ఆమె ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఆమె వండింది తిన్నాను, ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు.

మాది కామెర్లకు పసరు పోసే ఇల్లు. మా తాత పోశాడు, మా నాయన పోశాడు, ముప్పై ఒక్క ఏళ్లు నేను పోశాను. దానికి కట్టుబాట్లున్నాయి. ఆకు కోసేటప్పుడు మాట్లాడకూడదు. పొద్దు పొడవక ముందు, పరగడుపున, ఆదివారం గానీ మంగళవారం గానీ మొదలుపెట్టి మూడు పొద్దులు పోయాలి. తాగినవాళ్లు తొమ్మిది రోజులు ఉప్పు, నూనె, ఇంగ్లీషు మందు ముట్టకూడదు. మనం పైసా తీసుకోకూడదు. గడపకు వచ్చిన మనిషిని లేదని పంపకూడదు. అన్నిటికంటే పెద్ద కట్టు ఆకు పేరు. బయటివాళ్లలో ఒకరికి చెబితే తాగిన ఆ మనిషికి పారదు, పదిమందిలో పలికితే మందే చస్తుంది. మా నాయన చావు ముందర నా చెవిలో చెప్పాడు. నూరేది సాలమ్మ కాబట్టి ఆమెకు తెలుసు. మోకాళ్లు నొప్పులు పెట్టాక ఆమె నాకు చెప్పకుండా ఆకు కోయడానికి కోడలిని వెంట తీసుకుపోయిందని తర్వాత తెలిసింది.

మేము మెథడిస్టు చర్చి వాళ్లం. ఆదివారం తెల్లారేసరికి మందు పోసి, స్నానం చేసి గుడికి పోయేవాణ్ణి. ఏ పాస్టరూ తప్పు పట్టలేదు. ఒక పాస్టరుకు నేనే పోశాను.

ఇది పోయిన వానకాలం సంగతి.

సైమన్ జహీరాబాద్‌లో జేసీబీ నడుపుతాడు. పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"నాయినా, జీవిత ఖేడ్‌ల ఏదో కోర్సు నేర్చుకుంటదట. పది ఆదివారాలు. పైసలేం లేవు, ఫ్రీనే."

"ఏం కోర్సు?"

"ఓపెన్ నాలెడ్జ్ అంటున్నరు. మనకెర్కున్న ముచ్చట్లు ఇంటర్‌నెట్ల పెడుతరట. నలుగురికి తెల్వాలె గద."

"ఎవలకు తెల్వాలె?"

"అందరికి."

అప్పుడే నాకు అర్థమైంది. ఒకసారి ఒక డాక్టరుకు చెప్పింది. ఈసారి లోకానికి చెబుతుంది.

"నేను గూడ వోత" అన్నాను.

నారాయణఖేడ్‌లో బస్సు డిపో వెనక ఒక మేడ మీద గది. సంతోషి అనే ఆమె వారమంతా అక్కడ ఆడపిల్లలకు కుట్టు నేర్పుతుంది. ఆదివారం మధ్యాహ్నం మిషన్లన్నీ గోడకు జరిపి, ల్యాప్‌టాప్ పెట్టి, గోడ మీద తెల్లబట్ట కట్టింది. ఏడుగురు కూర్చున్నారు. బట్ట మీద ఎక్కడో వరంగల్‌లో ఉన్న టీచరమ్మ కనబడింది. నేను వెనక, తలుపు దగ్గర బల్ల మీద కూర్చున్నాను.

"వెనక ఉన్న పెద్దాయన ఎవరు? మీ పేరు చెప్పండి" అంది టీచరమ్మ.

"నేను నేర్చుకునేటందుకు రాలే."

"మరి?"

"కావలికొచ్చిన."

అందరూ నవ్వారు. సెల్‌ఫోన్లు బాగు చేసే దుర్గేశ్ వెనక్కి తిరిగాడు. "కోడలు పారిపోతదనా తాతా?"

"నీ దుకాణంల ఇచ్చిన ఫోన్ల లెక్క పారిపోదు తీ" అన్నాను.

ఈసారి దుర్గేశ్ తప్ప అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వుతూనే, "కావలి వాళ్లకు అన్నీ వినబడతాయి. మీ పేరు కూడా రాసుకుంటాను" అంది. హనోకు అని చెప్పాను. అట్లా ఎనిమిదోవాణ్ణయ్యాను. ఏడో తరగతి తర్వాత నా పేరు ఒక పట్టీలోకి ఎక్కడం అదే.

అక్కడ చెప్పింది నాకు చాలావరకు అర్థమైంది. ఒక సంగతి రాస్తే అది ఎవరు చెప్పారో రాయాలి. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు విడివిడిగా రాయాలి. ఒకసారి అందరికీ అని పెట్టాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఈ చివరి మాట విన్నప్పుడు జీవిత వైపు చూశాను. ఆమె తల వంచుకుని రాసుకుంటోంది.

ప్రతి ఒక్కరూ చివరికి ఒక పేజీ పెట్టాలి. జీవిత జొన్నలు తీసుకుంది. వాళ్ల తల్లిగారిది బోరంచ వైపు. అక్కడి ముసలమ్మలకు ఫోన్లు చేసి, ఒకప్పుడు ఏ రకం జొన్న ఏ చెలకలో వేసేవాళ్లో అడిగేది. హన్మమ్మ అనే ఆమె ఒక్కతే పదకొండు రకాలు చెప్పింది. జీవిత పొయ్యి దగ్గరికి పోయినప్పుడు నేను ఆ నోటుబుక్కు తీసి చూసేవాణ్ణి. జొన్నలు తప్ప ఏమీ లేవు. ఆకు కోసం ప్రతి పేజీ తిప్పాను.

మూడో ఆదివారం టీచరమ్మ, "ఇస్తే తగ్గనిది జ్ఞానం ఒక్కటే" అంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. లేచి నిలబడ్డాను.

"ఇస్తే సచ్చేది గూడ ఉంటది."

"ఏమిటది, హనోకుగారూ?"

"మందు. పేరు చెప్తే పని చెయ్యదు. చెప్పినందుకు నా ఇంట్ల ఒక మనిషి పోయింది."

జీవిత కాగితాల మీద చేయి పెట్టి కూర్చుంది. టీచరమ్మ వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు.

"పేరు చెప్పొద్దు. మీ కట్టుబాటు మీది, దాన్ని ఎవరూ అడగరు. మీరు ఇంకొకటి రాసుకు రండి. అది పని చేస్తుందని మీకెలా తెలుసు?"

"ముప్పై ఏండ్లు దాటింది పోయవట్టి. మా మనిషి సచ్చిండని ఒక్కలు నా గడపకు రాలే."

"వాళ్లు రాలేదు, సరే. మీరు వెళ్లి అడిగారా?"

నేను కూర్చున్నాను. అది నన్ను అబద్ధాలవాడని అనడమే. రుజువు చేస్తానన్నాను. పదిమంది దగ్గరికి పోవాలని, ఇద్దరిద్దరుగా పోవాలని నిర్ణయమైంది. నాకు జోడీ సుభాష్. బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు, నా ఈడువాడు. పెన్ను జేబులో పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు.

"పదిమందిని నువ్వే ఏరుకో హనోకన్నా. రేపు నేను ఏరిన అనొద్దు" అన్నాడు.

నేనే ఏరాను. పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ కలిపి, నాకు బాగా గుర్తున్నవాళ్లను.

రెండు వారాలు సుభాష్ స్కూటర్ మీద తిరిగాం. వాన ఆగినప్పుడు బయలుదేరడం, పడితే ఏ ఇంటి పంచనో నిలబడడం. మొదటి నాలుగిళ్లలో మనుషులు బతికే ఉన్నారు. ఒకామె నా కాళ్లు మొక్కి, మనవరాలిని పిలిచి మొక్కించింది. కల్హేర్ సంతలో ఒకడు నన్ను చూసి అంత దూరం నుంచి కేకేశాడు. "నా పానం నీదే అన్నా!" సుభాష్ రాసుకున్నాడు. "కాయితంల పానం ఎవలిదని రాయాలె?" అని అడిగాడు. నాకూ నవ్వొచ్చింది.

అయిదో ఇల్లు కల్హేర్ దాటాక, మొగులప్పది. మందు తాగింది అతని భార్య రామవ్వ. మొగులప్ప సోయా చెలకలో కలుపు తీస్తున్నాడు. నన్ను చూసి లేచాడు గాని రమ్మనలేదు.

"రామవ్వ ఇంట్ల ఉన్నదా?" అన్నాను.

అతను సుభాష్ వైపు చూశాడు. "లేదు."

"ఏడికి వోయింది?"

"నువ్వు పోసిన ఎనిమిదో దినం వోయింది."

కొడవలి మట్టిని గడ్డికి రాసి తుడిచాడు.

"నాకెందుకు చెప్పలే?"

"నీకెట్ల జెప్తం హనోకు? మందిచ్చినోని గడపకు సావు కబురు తేవద్దు. తెస్తే ఎన్కొచ్చేటోళ్లకు మందు పారది. నీకెర్క లేదా?"

నాకు తెలుసు. అదీ మా కట్టే. మా నాయన ప్రతి ఇంటికీ చెప్పి పంపేవాడు. నేనూ చెప్పి పంపాను.

"ఎన్నేండ్లాయె?" సుభాష్ అడిగాడు.

"తొమ్మిది నిండినయి."

సైమన్ పెళ్లయి ఆరేళ్లు.

"గట్ల జూడకు" అన్నాడు మొగులప్ప. "నీ మీద మాకేం లేదు. మల్ల మా చెల్లె కొడుకును నీ దగ్గరికే తోలిన గద."

"బత్కిండా?"

"బత్కిండు."

పదిమందిలో ముగ్గురు పోయారు. అందులో ఇద్దరు పోయేనాటికి జీవిత మా ఇంటికి రాలేదు. అప్పుడు ఆకు పేరు నాకు, సాలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు.

తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. మూసి ఉన్న కొట్టు ముందర స్కూటర్ ఆపి సుభాష్ కాగితం చొక్కా లోపల దాచాడు.

"అన్నా, తీసేద్దమంటే తీసేద్దం. వేరే ముగ్గురిని ఏరుకుందం. టికెట్ కొట్టినంక మల్ల చింపరాదు, అందుకే ముందుగాల అడుగుతున్న."

"ఏరింది నేనే. రాయి" అన్నాను.

అయిదో ఆదివారం ఆ కాగితం చదివారు. టీచరమ్మ మెచ్చుకుంది. ఆ మెప్పు నాకు అవసరం లేదు. తర్వాత, "చాలా కామెర్లు మందు లేకున్నా తగ్గిపోతాయని డాక్టర్లు చెబుతారు. ఈ ఏడుగురు మందుతో బతికారో, వాళ్లంతట వాళ్లే బతికారో ఈ కాగితం చెప్పలేదు" అంది. నేను చెప్పులేసుకుని కిందికి దిగిపోయాను. జీవిత వచ్చేదాకా డిపో గోడ దగ్గర నిలబడ్డాను. వచ్చే వారం రానని ఆమెకు చెప్పాను. ఆమె సరే మామా అంది.

ఆ వచ్చే ఆదివారం పొద్దు పొడవక ముందే గడప దగ్గర మాటలు వినబడ్డాయి. తలుపు తీశాను. రోజ. మా చిన్నాయన బిడ్డ, నాకు చెల్లెలు. పక్కన ఆమె బిడ్డ నిస్సీ గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఏడో నెల. పురిటికని తల్లిగారింటికి వచ్చింది. కళ్లు పసుపు పూసినట్టున్నాయి.

"అన్నా, జల్ది పొయ్యి. పొద్దు పొడుస్తది."

"ఎన్ని దినాలైంది?"

"కండ్లు పచ్చగై నాలుగు దినాలు. నిన్నటి సంది ఏం తిన్నా కక్కుతుంది. ఆదివారం రావాలె గద అని ఆగినం."

"దవాఖానకు తీస్కపో."

రోజ నవ్వింది. "దవాఖాననా? నువ్వుండంగనా? నన్ను బత్కిచ్చింది ఎవలు?"

"సంగారెడ్డికి తీస్కపో రోజా. నేను పొయ్య."

"పొయ్యవా?" ఆమె నవ్వు పోయింది. "గడపకొచ్చినోళ్లను పొమ్మంటవా? పెద్దనాయిన ఎన్నడన్న పొమ్మన్నడా? ఏం తప్పు జేసినం మేము?" అని మెట్టు మీద కూర్చుంది. "పోసేదాంక లేవ. ఇయ్యాల గాకుంటే మంగళారం పొయ్యి. ఈడనే ఉంట."

జీవిత వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. నిస్సీని చూసింది, నన్ను చూసింది. నోరు తెరవలేదు. తెరవమనే హక్కు నాకు లేదు.

ఆకు దొరకలేదని చెప్పొచ్చు. మంగళవారం వస్తుంది. ఒంట్లో బాగాలేదనొచ్చు. నాకు నయమయ్యేదాకా కూర్చుంటుంది. ఎన్ని రోజులైనా ఆ పిల్ల నోట్లో డాక్టరు మందు పడనివ్వదు. పోస్తే తొమ్మిది రోజులు పథ్యం. తొమ్మిది రోజుల్లో ఏమవుతుందో నేను చూశాను.

ఎదురుగా నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని ఉన్నారు. నేను గడప మీద నిలబడి ఆకు పేరు చెప్పాను. బడిలో హాజరు పిలిచినట్టు, గట్టిగా. ఇంకోసారి చెప్పాను, నల్లా దాకా వినబడేటట్టు.

రోజకు అర్థం కాలేదు. "ఏందన్నా?"

"గదే. మీకు పోసింది గదే. కుంట కట్ట మీద మొలుస్తది. ఇగ అది గడ్డి. లే."

రోజ బిడ్డ చెవులు రెండు చేతులతో మూసింది. అప్పటికే ఆలస్యమైంది. తర్వాత ఆమె అరిచిన అరుపు ఇరుగుపొరుగును లేపింది. "నీ నోట్ల మన్ను వడ! సొంత చెల్లెలి బిడ్డ గదనే! ఏం జేస్తివిరో అన్నా!" నిస్సీ ఏడవలేదు. ఆమెకు నిలబడడమే కష్టంగా ఉంది.

జీవిత చీపురు పడేసి లోపలికి పోయింది. ఫోన్ చెవికి పెట్టుకునే బయటికొచ్చింది.

"మామా, ఆటో వస్తుంది. నేను గూడ వోతున్న."

"దుప్పటి తీస్కపో. ముసురు వట్టేటట్టున్నది" అన్నాను.

రోజ తిడుతూనే ఆటో ఎక్కింది. చచ్చిన మందు కోసం కూర్చోవడానికి ఇక మెట్టు మీద పని లేదు.

నిస్సీ పద్దెనిమిది రోజులు దవాఖానలో ఉంది. బతికింది. బిడ్డ నాలుగో రోజే పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు.

ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే తల్లి కూడా దక్కకపోయేదని అక్కడి డాక్టరమ్మ జీవితతో చెప్పిందట. రోజతో కూడా చెప్పింది. రోజ వినలేదు. హనోకు ఆకు పేరు పలికి పసిగుడ్డును చంపాడని ఆమె ఊరంతా చెప్పింది. చర్చిలో చెప్పింది, పిండిగిర్ని దగ్గర చెప్పింది. పేరు దాచి మందు పోసి ఉంటే తల్లీబిడ్డా ఇంట్లో ఉండేవాళ్లని ఇప్పటికీ చెబుతుంది. నేను జవాబు చెప్పడానికి పోలేదు. ఆ మాట మీద కూర్చున్న మనిషికి ఏ కాగితం చూపినా కనబడదు. నాకు తెలుసు.

ఒకరోజు గిర్ని దగ్గర జీవితను పట్టుకుని రోజ ఏదో అందట. ఏమన్నదో, ఈమె ఏం చెప్పిందో నాకు తెలియదు. జీవిత డబ్బా దించి, "పిండి బరకగ వట్టిండు మామా" అంది. అంతే.

ఆ తర్వాతి ఆదివారాలు మళ్లీ కోర్సుకు పోయాను. ఇంట్లో ఉంటే ఎవరూ రాని గడపను చూస్తూ కూర్చోవాలి.

పదో ఆదివారం అందరూ పేజీలు పెట్టారు. దుర్గేశ్ ఖేడ్ నుంచి పల్లెలకు పోయే బస్సుల వేళలు పెట్టాడు. సుభాష్ వాడి పక్కనే కూర్చుని సగం తప్పులు దిద్దాడు. జీవిత జొన్నలు పందొమ్మిది రకాలైనాయి. ప్రతి రకం కింద చెప్పిన మనిషి పేరు, ఊరు ఉన్నాయి. నాది చివరికి వచ్చింది. నాకు టైపు రాదు. నేను చెబుతుంటే సంతోషి కొట్టింది.

ముందు ఆకు పేరు. తర్వాత పదిమంది. పదకొండోది నిస్సీకి పోయనిది. అది అయ్యాక ఇంకొకటి ఉందన్నాను.

"పేరు?" అంది సంతోషి.

"సాలమ్మ."

"ఊరు?"

"మా ఊరే."

"మీకేమైతది?"

"భార్య."

సంతోషి అదీ కొట్టింది. "మందు ఎన్ని దినాలు?"

"మూడు పొద్దులు పోసిన. తొమ్మిది దినాలు పథ్యం వెట్టిన."

"దవాఖానకు ఎన్నడు తీస్కపోయిండ్రు?"

"తొమ్మిదో దినం. సోయి లేనప్పుడు."

"ఎవలు తీస్కపోయిండ్రు?"

"నా కోడలు. అయిదో దినమే తీస్కపోతనన్నది. నేను ఆపిన. గది గూడ రాయి."

జీవిత పక్క కుర్చీలోనే ఉంది. నేను అటు చూడలేదు. ఆమె కాగితాలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

టీచరమ్మ మొత్తం చదివింది. "హనోకుగారూ, ఒకసారి పెడితే తీసేయలేం. మీ పేరుతో పెట్టమంటారా?"

"నా పేరుతోనే."

సంతోషి నొక్కింది. దానికి పట్టిన సేపు కళ్లు మూసి తెరిచినంత.

ఆకు పేరు నేను ఇక్కడ రాయడం లేదు. సిగ్గుపడి కాదు. ఇక్కడ రాస్తే పేరొక్కటి పట్టుకుని ఎవరైనా కుంట కట్టకు పోతారు. ఆ పేజీలో పేరు కిందనే పోయినవాళ్లున్నారు. వాళ్లను దాటకుండా ఎవరూ అవతలికి పోలేరు. నేను ఎవరినీ క్షమించమని అడగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఇంటికి వస్తుంటే ఆటోలో మేమిద్దరమే మిగిలాం. ఊరు ఇంకా దూరం ఉండగా జీవిత అంది, "మామా, గా దినం డాక్టరుకు నేను..."

"వద్దు."

"ఒక్క మాట జెప్త."

"రాసిన గద. నీకు చదువొచ్చు."

ఆమె చెలకల వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతుంటే నేను రోడ్డు వైపు చూశాను.

ఆ వారం సైమన్ వచ్చి అడిగాడు. చెప్పలేదు. పాస్టరు అడిగాడు. వందనాలని చెప్పి వచ్చేశాను. మొగులప్ప సంతలో చేయి పట్టుకుని చెట్టు కిందికి తీసుకుపోయాడు. చాయ తాగి లేచాను. ఇప్పుడు ఇది రాశాను, ఒక్కసారికే. సాలమ్మ తొమ్మిది రోజుల గురించి బతికినన్నాళ్లు నా నోట ఇంకో మాట రాదు. ఎవరూ అడగొద్దు.